గూడూరుకో సర్వర్

‘కూ’ యాప్‌ను మూసేస్తున్నామని 2024 జూలై 3న దాని వ్యవస్థాపకులు ప్రకటించారు. 2020లో బెంగళూరులో కన్నడంతో మొదలై, తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లోకి వచ్చిన యాప్ అది. వేరే కంపెనీలతో పొత్తు కుదరలేదనీ, ఇలాంటి వేదికను నడిపే సాంకేతిక ఖర్చు చాలా ఎక్కువనీ వాళ్లు కారణాలు చెప్పారు. అంతకు పదేళ్ల ముందు, 2014 సెప్టెంబర్ 30న, గూగుల్ ఆర్కుట్‌ను ఆపేసింది. మధ్యలో 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. పొలం గట్ల మీద, ఇంటి వాకిళ్లలో వీడియోలు తీసి పేరు తెచ్చుకున్న తెలుగు పల్లెల వాళ్లు ఎందరో రాత్రికి రాత్రే ప్రేక్షకులను పోగొట్టుకున్నారు. మూడింటికీ కారణాలు వేరు. అక్కడ రాసినవాళ్లను, తీసినవాళ్లను ఒక్క మాట అడిగినవాళ్లు లేకపోవడం మాత్రం మూడింట్లోనూ ఒకటే.

మరి ఒక మండలం తన సామాజిక మాధ్యమాన్ని తానే నడుపుకోవాలంటే ఏం కావాలి? మహబూబాబాద్ జిల్లా గూడూరునే తీసుకుని కాగితం మీద లెక్క వేసి చూద్దాం. నర్సంపేట నుంచి మహబూబాబాద్ వెళ్లే దారిలో, పాఖాల అడవి అంచున ఉన్న మండలం. తెలుగుతో పాటు లంబాడీ, కోయ భాషలు వినిపించే చోటు. పత్తి, మిర్చి, వరి పండించే రైతులకు వరంగల్ ఏనుమాముల మార్కెట్లో ధర ఎంతుందో, ఏ వాగు పొంగిందో, ఏ బస్సు రాలేదో ఒకరికొకరు చెప్పుకోవాల్సిన అవసరం రోజూ ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ కోసం వెతుక్కోనక్కర్లేదు. జర్మనీకి చెందిన ఓయ్‌గెన్ రోచ్కో 2016లో విడుదల చేసిన మాస్టొడాన్ ఉచితంగా దొరుకుతుంది. దాని కోడ్‌ను ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు, తమ కంప్యూటర్లో పెట్టుకోవచ్చు. దాని తెరను తెలుగులోనూ పెట్టుకోవచ్చు. ఇది ఒక్క కంపెనీ సొత్తు కాదు. వేల మంది విడివిడిగా నడిపే సర్వర్లు యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి నియమావళి ప్రకారం ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆ నియమావళిని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2018 జనవరి 23న ప్రమాణంగా సిఫార్సు చేసింది.

ఈ పద్ధతి తెలుగువాళ్లకు మరీ కొత్త కాదు. 1990లలో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు యూజ్‌నెట్‌లోని ‘సాక్ కల్చర్ ఇండియన్ తెలుగు’ అనే గుంపులో సాహిత్యం, సినిమా, రాజకీయాల మీద గంటల కొద్దీ వాదించుకున్నారు. తెలుగు అక్షరాలు తెరమీద కనిపించని రోజులవి. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి ఆ వాతావరణంలోనే పుంజుకుంది. యూజ్‌నెట్‌కు యజమాని లేడు. ప్రతి విశ్వవిద్యాలయం తన సర్వర్ తాను నడుపుకునేది, కొత్తగా వచ్చిన రాతలను పక్క సర్వర్‌కు పంపేది. నేటి మాస్టొడాన్‌కు పూర్వీకుడు అదే.

ఇక చిరునామా సంగతి. మన రెండు రాష్ట్రాల్లో గూడూర్లు చాలా ఉన్నాయి. రైల్వే జంక్షన్ ఉన్న గూడూరు ఒకటి, కర్నూలు దగ్గర ఒకటి, మచిలీపట్నం వైపు ఒకటి. ఉత్తరం సరిగ్గా చేరాలంటే జిల్లా పేరు రాయాల్సిందే. ఇక్కడా అంతే. ‘rama’ అనే పేరుతో వంద సర్వర్లలో వంద మంది ఉండొచ్చు, rama@గూడూరు.భారత్ మాత్రం ఒక్కరే. @ తర్వాతి భాగం సర్వర్ పేరు. తెలుగు లిపిలో ‘.భారత్’తో ముగిసే పేర్లు ఇప్పుడు కొనుక్కోవచ్చు కూడా. కాకపోతే మాస్టొడాన్‌లో ఒకసారి పెట్టిన పేరును తర్వాత మార్చడం కుదరదు. ఆ పేరు మీ పేరిటే ఉండేలా చూసుకోవడం ప్రాణావసరం. చవగ్గా దొరుకుతోందని, వినడానికి ముచ్చటగా ఉందని పరాయి దేశపు గుర్తుతో పేరు కొన్నవాళ్ల గతి ఏమైందో చూడండి. ‘క్వీర్.ఏఎఫ్’ అనే సర్వర్ పేరును 2024 ఫిబ్రవరిలో అఫ్గానిస్తాన్‌లోని తాలిబాన్ ప్రభుత్వం రద్దు చేసింది. యంత్రం నడుస్తూనే ఉంది, చిరునామా పోయింది.

రమ ఒక పోస్టు రాసి ‘పంపు’ నొక్కితే ఏం జరుగుతుంది? సర్వర్‌లోని వెబ్ భాగం ముందుగా దాన్ని పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో రాసి, ‘అందింది’ అని రమకు వెంటనే జవాబిస్తుంది. అసలు పని అప్పుడే మొదలవుతుంది. రమను అనుసరించే స్థానికుల ముఖపుటల్లో ఆ పోస్టును చేర్చాలి. బయటి సర్వర్లలో ఎవరెవరు ఆమెను అనుసరిస్తున్నారో చూసి, ఒక్కొక్క సర్వర్‌కు సంతకం చేసిన ప్రతిని పంపాలి. ఒకే సర్వర్‌లో వంద మంది అనుచరులున్నా అక్కడికి ఒక్క ప్రతి పంపితే చాలు, పంచిపెట్టడం ఆ సర్వర్ పని. పోస్టులో లంకె ఉంటే ఆ పేజీ తెరిచి శీర్షిక తేవాలి. ఈ పనులన్నీ సైడ్‌కిక్ అనే భాగం వరసలో పెట్టి తన పనివాళ్ల చేత చేయిస్తుంది. మాస్టొడాన్ సర్వర్ బాగోగులు తెలుసుకోవాలంటే ఈ వరస పొడవు చూడాలి.

మన ప్రాంతం వాళ్లకు గొలుసుకట్టు చెరువులు తెలుసు. గణపతిదేవుడి కాలంలో 1213 ప్రాంతంలో కట్టిన పాఖాల మొదలుకొని ఊరూరా ఉన్న కుంటల దాకా ఏ చెరువు ఆయకట్టు దానిదే, ఏ ఊరి నీరటి ఆ ఊరివాడే. అయినా ఎగువ చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు దిగువ చెరువుకే చేరతాయి. విడివిడి సర్వర్లు కలిసి నడిచే ఈ ఏర్పాటు, అంటే ఫెడరేషన్, సరిగ్గా ఇలాంటి కట్టడం. గొలుసులో ఉన్న చెరువుకు తన ఊళ్లో పడిన వాన ఒక్కటే కాదు, పైనుంచి వచ్చే వరద కూడా లెక్కలోకి వస్తుంది. మా సర్వర్‌లో ఉన్నది కొద్దిమందే కదా, చిన్న యంత్రం చాలదా అనుకునేవాళ్లు మరిచిపోయేది ఆ వరదనే.

పైనుంచి వచ్చేదాన్ని పక్కనపెట్టి, ముందు మన సర్వర్ బయటికి పంపేదాన్నే లెక్క వేద్దాం. గూడూరు సర్వర్‌లో 300 మంది ఉన్నారనుకోండి. మనిషికి రోజుకు 5 పోస్టులు, మొత్తం 1,500. ఒక్కో పోస్టు సగటున 20 బయటి సర్వర్లకు వెళ్లాలంటే 30,000 బట్వాడాలు. రోజంతా సమానంగా పరిస్తే మూడు సెకన్లకు ఒకటి. నవ్వుకునేంత తేలిక. కానీ మనుషులు రోజంతా సమానంగా రాయరు. పొలం నుంచి, బడి నుంచి, దుకాణం నుంచి ఇంటికొచ్చాక సాయంత్రం రెండు గంటల్లో సగం పోస్టులు పడ్డాయంటే, 7,200 సెకన్లలో 15,000 బట్వాడాలు. అంటే సెకనుకు సుమారు 2.

1961లో జాన్ లిటిల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక చిన్న సూత్రాన్ని రుజువు చేశాడు. ఏ వ్యవస్థలోనైనా సగటున ఉండే పనుల సంఖ్య, అవి వచ్చే వేగాన్ని ఒక్కోదానికి పట్టే సమయంతో గుణిస్తే వచ్చేదానికి సమానం. బట్వాడాకు ఒక సెకను పడుతుందనుకుంటే, సెకనుకు 2 వచ్చేచోట ఎప్పుడూ ఇద్దరు పనివాళ్లు తీరిక లేకుండా ఉంటారు. సైడ్‌కిక్ ఐదుగురితో మొదలైందనుకుందాం. సరిపోతుంది.

ఇప్పుడు భారీ వాన కురిసిన రోజును ఊహించండి. అందరూ వాగుల ఫొటోలు పెడుతున్నారు, రాకపోకలు పది రెట్లు పెరిగాయి. సెకనుకు సుమారు 21 బట్వాడాలు వస్తుంటే ఐదుగురు చేయగలిగేది 5. సెకనుకు 16 చొప్పున వెనకబడితే గంటలో వరసలో సుమారు 57,000 పనులు పేరుకుంటాయి. గంట తర్వాత రద్దీ తగ్గి సెకనుకు 2కు వచ్చినా, ఆ బకాయి తీరడానికి ఐదు గంటలకు పైగా పడుతుంది. ‘వాగు దాటకండి’ అని ఆ గంట చివర్లో, ఏడింటికి, రాసిన మాట బయటి ఊళ్లవాళ్లకు రాత్రి పది దాటాక చేరుతుంది. సర్వర్ పడిపోలేదు, ఎక్కడా ఎర్ర అక్షరాల్లో తప్పు చూపలేదు. అయినా అవసరానికి అక్కరకు రాలేదు.

ఈ లెక్కల శాస్త్రానికి పునాది వేసినవాడు డెన్మార్క్‌కు చెందిన ఏ.కె. ఎర్లాంగ్. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో ఎన్ని లైన్లు వేయాలో తేల్చడానికి ఆయన 1909లో తన మొదటి పరిశోధన ప్రచురించాడు. ఆ దారిలో వచ్చిన ఒక ఫలితాన్ని ప్రతి నిర్వాహకుడూ గోడ మీద రాసుకోవాలి. ఒక్క పనివాడు ఉండి, పనులు ఇష్టమొచ్చినప్పుడు వచ్చేచోట సామర్థ్యంలో సగం వాడుకుంటే ఒక పని ముగియడానికి రెండింతల సమయం పడుతుంది. 80 శాతం వాడుకుంటే ఐదింతలు, 90 శాతానికి పదింతలు, 95 శాతానికి ఇరవై ఇంతలు. 90 నుంచి 95కు పెరిగిన ఆ ఐదు శాతం ఒత్తిడే అంతకుముందున్న ఆలస్యాన్ని రెట్టింపు చేస్తుంది. యంత్రం 90 శాతం పని చేస్తోంది, ఇంకా పది శాతం మిగిలింది కదా అనుకోవడం పెద్ద పొరపాటు.

పనివాళ్లను పెంచితే సరి అనిపిస్తుంది. పెంచాలి కూడా. అయితే ప్రతి పనివాడికీ డేటాబేస్‌తో ఒక కనెక్షన్ కావాలి, పోస్ట్‌గ్రెస్ మామూలుగా ఒప్పుకునేది 100 కనెక్షన్లు. వెబ్ భాగం కొన్ని తీసుకుంటుంది, సైడ్‌కిక్ మిగతావి తీసుకుంటుంది. వంద దాటితే కొత్తవాళ్లకు తలుపు మూసుకుంటుంది. అప్పుడు కనెక్షన్లను పంచుకునే పీజీబౌన్సర్‌ను మధ్యలో పెడతారు. ఇంకో సంగతి, బట్వాడా అందుకోవాల్సిన అవతలి సర్వర్ చచ్చిపోయి ఉంటే పనివాడు దాని గుమ్మం ముందు సెకన్ల తరబడి నిలబడి తిరిగొస్తాడు. అందుకే మాస్టొడాన్ విఫలమైన పనిని ప్రతిసారీ విరామం పెంచుతూ మళ్లీ ప్రయత్నిస్తుంది; ఏడు రోజుల పాటు అందకపోతే ఆ సర్వర్‌కు పంపడం మానుకుంటుంది.

ఇదంతా కాగితం లెక్క. నిజంగా జరిగిన కథ హాకిడర్మ్ అనే మాస్టొడాన్ సర్వర్‌ది. 2022 అక్టోబర్ 27న ఇలాన్ మస్క్ ట్విటర్‌ను కొన్నాడు. మాస్టొడాన్‌లో చురుకుగా ఉన్నవాళ్లు అక్టోబర్, నవంబర్ మధ్య సుమారు 3 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగారని రోచ్కో ఆ తర్వాత రాశాడు. హాకిడర్మ్‌ను క్రిస్ నోవా అనే ఇంజనీరు తన ఇంటి నేలమాళిగలో ఉన్న యంత్రాల మీద నడిపేవారు. నవంబర్ మొదట్లో కొన్ని వందల మంది ఉన్న ఆ సర్వర్‌లో నెల తిరిగేసరికి 30,000 మంది చేరారు.

అక్కడ ముందు కుప్పకూలింది ప్రాసెసరూ కాదు, ఇంటర్నెట్ లైనూ కాదు. ఫొటోలు దాచే యంత్రంలోని డిస్కులు నెమ్మదించాయి. ఒక ఫొటో చదవడానికి ఎక్కువసేపు పడుతుంటే, ఆ ఫొటో కోసం ఆగిన పనివాడు ఖాళీ కాడు. పనివాడు ఖాళీ కాకపోతే అతని డేటాబేస్ కనెక్షన్ ఖాళీ కాదు. లిటిల్ సూత్రంలో వచ్చే వేగం మారకపోయినా, పట్టే సమయం పెరిగితే లోపల చిక్కుకున్న పనులు పెరుగుతాయి. ఎక్కడో మూలనున్న డిస్కు నత్తనడకకు ముఖపుట తెరుచుకోకపోవడం ఫలితం. జబ్బు ఒకచోట, నొప్పి ఇంకోచోట. నోవా బృందం సర్వర్‌ను ఆపకుండానే ఫొటోలను అద్దె నిల్వకు తరలించింది. అడిగిన ఫొటో కొత్తచోట ఉంటే అక్కడి నుంచి, లేకుంటే పాతచోటి నుంచి ఇచ్చే ఏర్పాటు చేసింది. ఆ తర్వాత నేలమాళిగ యంత్రాల మీది మిగతా పని జర్మనీలోని డేటా కేంద్రానికి మారింది. ఆ కథ మొత్తాన్ని దాపరికం లేకుండా రాసి ప్రచురించడం నోవా చేసిన గొప్ప మేలు. ఎన్నో చిన్న సర్వర్ల నిర్వాహకులకు అది పాఠ్యపుస్తకం.

డిస్కుల సంగతి గూడూరుకు మరీ ముఖ్యం. తెలుగు రాత ఎంత చోటు తీసుకుంటుందో చూడండి. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం కంప్యూటర్‌కు ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 18 బైట్లు. మాస్టొడాన్ పోస్టు పరిమితి మామూలుగా 500 అక్షరాలు. నిండా తెలుగు రాసినా మూడు నాలుగు కిలోబైట్లు దాటడం అరుదు. ఫోన్‌తో తీసిన 3 మెగాబైట్ల ఫొటో ఒక్కటి అలాంటి వెయ్యి పోస్టుల చోటు తింటుంది. పైగా మన వాళ్లు అనుసరించే బయటివాళ్ల ఫొటోలను కూడా సర్వర్ తెచ్చి తన దగ్గర ప్రతి దాచుకుంటుంది. కొన్ని నెలల తర్వాత డిస్కు నిండిందని చూస్తే అందులో గూడూరు ఫొటోలు కొన్నే ఉంటాయి, మిగతావి ప్రపంచం నలుమూలల పిల్లులు, సూర్యాస్తమయాలు. పాత ప్రతులను తీసేసే ఆదేశం మాస్టొడాన్‌లోనే ఉంది. ఏడు రోజులు దాటినవాటిని తుడిచేయమని దానికి చెప్పి వదిలేయొచ్చు. అవసరమైతే మూలసర్వర్ నుంచి మళ్లీ వస్తాయి.

యంత్రాన్ని ఎక్కడ పెట్టాలి? గూడూరులోనే ఎవరింట్లోనో పెడితే మనది అన్న తృప్తి ఉంటుంది. తృప్తితో పాటు కరెంటు కోతలు, ఇన్వర్టర్ బ్యాటరీలు, ఎండాకాలం వేడి ఉంటాయి. ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్లలో చాలావాటికి సొంత చిరునామా ఉండదు. ఎన్నో ఇళ్లకు కలిపి బయటికి కనిపించేది ఒక్కటే. లోపలి నుంచి బయటికి వెళ్లగలం, బయటివాళ్లు మన సర్వర్ తలుపు తట్టలేరు. స్థిర చిరునామా కొనుక్కోవాలి, లేదా బయట ఒక చిన్న యంత్రం అద్దెకు తీసుకుని దాని గుండా దారి వేసుకోవాలి.

2024 సెప్టెంబర్ 1 నాటి వరదకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది మట్టి కంకర కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. అలాంటి రోజున కేబుల్ తెగితే ఊళ్లోని సర్వర్ ఊరికైనా పని చేస్తుందని ఆశిస్తాం. చాలాసార్లు చేయదు. ఒకే వీధిలో రెండు కంపెనీల కనెక్షన్లున్న రెండిళ్ల మధ్య సమాచారం కూడా సాధారణంగా పెద్ద నగరం దాకా పోయి తిరిగి రావాలి. అందుకని నా మాట ఇది: యంత్రాన్ని హైదరాబాద్‌లోనో ముంబైలోనో డేటా కేంద్రంలో అద్దెకు తీసుకోండి, దాని నకలు మాత్రం గూడూరులో మీ చేతిలో ఉంచుకోండి. నకలు తీయాల్సిన వరస కూడా గుర్తుంచుకోండి. అన్నిటికంటే ముందు డేటాబేస్, తర్వాత సర్వర్ రహస్య తాళాలు, ఆ తర్వాత జనం పెట్టిన ఫొటోలు. తీసిన నకలును వేరే యంత్రంలో పోసి తెరిచి చూడనంత వరకు అది పనికొస్తుందని నమ్మకండి.

యంత్రం కంటే ముందు అలసిపోయేది మనిషి. లంబాడీ మాటలను తెలుగు లిపిలో రాసి ఎవరో ఒక ఆడపిల్లను తిట్టారనుకోండి. కాలిఫోర్నియాలో కూర్చున్న కంపెనీ యంత్రానికి అది తిట్టని తెలిసే అవకాశం బహు తక్కువ. తండాలో పెరిగిన మనిషికి చదవగానే తెలుస్తుంది. ఊరి సర్వర్‌కున్న అసలు బలం ఇదే, అసలు బరువు కూడా ఇదే. తిట్టినవాడు, తిట్టించుకున్నామె, తీర్పు చెప్పాల్సిన నిర్వాహకుడు ముగ్గురూ ఒకే బస్సు ఎక్కాల్సినవాళ్లు. చట్టమూ ఉంది. 2021 ఐటీ నిబంధనల్లో భారీ వేదికల ప్రత్యేక బాధ్యతలు 50 లక్షల మంది వినియోగదారులు దాటాకే మొదలవుతాయి. ఫిర్యాదులు వినే అధికారి పేరు, చేరుకునే దారి ప్రకటించడం మాత్రం చిన్నవాళ్లకూ తప్పదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వర్ చిట్టాలను 180 రోజులు భద్రపరచాలి, భద్రతా ఉల్లంఘన తెలిసిన 6 గంటల్లోగా కబురు పెట్టాలి.

సుమారు 12,000 మంది ఉన్న మాస్టొడాన్.లాల్ సర్వర్‌ను దాని నిర్వాహకుడు 2023లో మూసేశాడు. యంత్రం బాగానే ఉంది, తగాదాల మధ్య నలిగి ఆయనే విసిగిపోయాడు. మరోవైపు అదే ఏడాది ఆగస్టులో క్రిస్ నోవా కొండెక్కుతూ ప్రమాదంలో మరణించారు. హాకిడర్మ్ ఆగలేదు. అప్పటికే దాన్ని సభ్యుల సహకారంతో నడిచే నివెన్లీ అనే లాభాపేక్ష లేని సంస్థ గొడుగు కిందికి తెచ్చారు, చాలామంది చేతులు పని పంచుకున్నాయి.

ఒకరు పోయినా పని ఆగకపోవడం మన తెలంగాణలోనూ కళ్లారా చూసిన సంగతే. జహీరాబాద్ దగ్గరి మాచునూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళలు 2008 అక్టోబర్ 15న సంగం రేడియో మొదలుపెట్టారు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, లైసెన్సు కోసం వాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. ఆ కాలమంతా ఊరికే కూర్చోలేదు. కార్యక్రమాలు టేపుల మీద రికార్డు చేసి ఊళ్లలోని సంఘాల్లో వినిపించారు. ప్రసార యంత్రం వచ్చేసరికి మాట్లాడేవాళ్లు, వినేవాళ్లు, నడిపేవాళ్లు తయారుగా ఉన్నారు. వాళ్ల వెన్నంటి నిలిచిన పి.వి. సతీష్ 2023 మార్చిలో కన్నుమూసినా మైకు వాళ్ల చేతిలోనే ఉంది.

కాబట్టి గూడూరులో గానీ మీ ఊళ్లో గానీ సర్వర్ పెట్టాలనుకుంటే, పేరు కొనేముందు కాగితం తీసి మూడు పేర్లు రాయండి. ఒకరు యంత్రం చూసేవారు, ఒకరు తగాదాలు వినేవారు, మూడోవారు మిగతా ఇద్దరూ లేనిరోజున తాళాలు తీసుకోగలిగినవారు. మూసేయాల్సి వస్తే కనీసం మూడు నెలల ముందు చెబుతామని మొదటి రోజే రాసిపెట్టండి. మాస్టొడాన్ తన సైట్‌లో చూపించే సర్వర్ల నుంచి తీసుకునే హామీల్లో అదొకటి. 300 మంది దాటి వెయ్యికి వెళ్తున్నారంటే మీ యంత్రాన్ని పెంచే ముందు, నర్సంపేటలోనో కేసముద్రంలోనో ఇంకో ముగ్గురిని తయారుచేసి వాళ్లచేత ఇంకో సర్వర్ పెట్టించండి. మూడు పేర్లు దొరక్కపోతే సర్వర్ పెట్టకండి, పక్క ఊరి సర్వర్‌లో ఖాతా తెరవండి. అక్కడి నుంచి కూడా అందరితో మాట్లాడొచ్చు. రేపు గూడూరుకో సర్వర్ వచ్చినప్పుడు మీ పాత పోస్టులు వెంట రావు గానీ, మిమ్మల్ని అనుసరించేవాళ్లు వస్తారు.